క్లచ్ డబ్బీలో తప్పు నూనె

పోయిన నెల ఒక పొద్దున మా డ్రైవర్ కూతురు ఫోన్ చేసింది. "డాక్టరమ్మా, బాపు పోయిండు. చాయ్ తాగిండు, గిలాస కింద పెట్టిండు, గట్లనే గోడకు ఒరిగిండు" అన్నది. ఆమె గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. తొంభైకి దగ్గర పడ్డ మనిషి పోతే ఆశ్చర్యమేమిటని మీరనుకోవచ్చు. ఆయన చెప్పకుండా ఏ పనీ చేసేవాడు కాదు. బండి తీసే ముందు కూడా "పోతున్న" అని ఎవరికో ఒకరికి చెప్పి గానీ తాళం తిప్పేవాడు కాదు. ఈ ఒక్కసారే చెప్పలేదు.

మా డ్రైవర్ అంటున్నాను గానీ ఆయనకు జీతమిచ్చింది సర్కారు. నేనాయన్ను "డ్రైవర్ సాబ్" అనేదాన్ని, ఆయన నన్ను "డాక్టరమ్మా" అనేవాడు. నలభై ఏళ్లకు పైగా మా మధ్య ఇంకో పిలుపు పుట్టలేదు. పిలుపు మారకపోయినా మనుషులు దగ్గరవుతారని నాకు నేర్పింది ఆయనే.

అరవైల నడుమ సంగతి. రామన్నపేట దగ్గరి పల్లెలో పుట్టి, పట్నంలో డాక్టరీ చదివి, కొల్లాపూర్ దాటి కృష్ణా నది వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊరి దవాఖానకు వచ్చిపడ్డాను. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. ముక్కు మీద కోపం, నెత్తి మీద చదువు. ఆ చుట్టుపక్కల ఆడ డాక్టర్ని చూడటం వాళ్లకదే మొదలు. ఆడవాళ్లు వచ్చేవాళ్లు గానీ నన్ను చూసి పోవడానికి వచ్చేవాళ్లు. మందిస్తే కొంగున కట్టుకుని పోయి గడప అవతల పారబోసేవాళ్లు. ఒకావిడ నా ముందే మాత్రను తన మేకకు వేసి చూస్తానన్నది.

డ్రైవర్ సాబ్‌ది గొర్లు కాసే ఇల్లు. మందల వెంట తిరిగి తిరిగి, లారీ ఎక్కి క్లీనర్ అయి, ఒక ఉస్తాద్ దగ్గర పదేళ్లు పని నేర్చి, చివరికి మా దవాఖాన వ్యాన్‌కు టెంపరరీ డ్రైవర్‌గా వచ్చాడు. పల్లెల్లో బండి ఆపగానే ఆయన దిగి గొర్లకాపర్లతో కూర్చునేవాడు. ఏ గొర్రెకు గిట్టలు పుచ్చాయో, ఏది మేత ముట్టడం లేదో మాట్లాడి మాట్లాడి, లేచేముందు, "మా డాక్టరమ్మ మందు నేను గూడ తాగిన. సూడుండ్రి, బతికే ఉన్న గదా" అనేవాడు. నా చదువు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసేది. ఏడాది తిరిగేసరికి ఆడవాళ్లు నిజంగా మందు కోసం రావడం మొదలుపెట్టారు. మొదలుపెట్టారు, అంతే. ఆ నమ్మకం ఇంకా పాల మీద మీగడంత పలచగా ఉన్న రోజులవి.

దవాఖానకు షెడ్డు లేదు. అందుకని వ్యాన్ డ్రైవర్ సాబ్ ఇంటి దొడ్డిలోనే ఉండేది. ఒక పక్క గొర్లు, ఒక పక్క వ్యాను. రోజూ పొద్దున ఆయన చేసే మొదటి పని వంగి బండి కింద నేల చూడటం. తర్వాత చుట్టూ ఒకసారి తిరిగేవాడు. "గొర్రెను ముందల నుంచి జూస్తే ఏం తెల్వదమ్మా, ఎనకనుంచి నడక జూడాలె" అనేవాడు. బండికి నడక ఏమిటని నేను నవ్వేదాన్ని.

ఆ బండి క్లచ్ అప్పటికి మా దిక్కున కొత్త రకం. లారీలకు పెడల్ నుంచి కిందికి ఇనుప కడ్డీ ఉండేది. దీనికి కడ్డీ లేదు. పెడల్ దగ్గర ఒక చిన్న సిలిండర్, కింద గేర్‌బాక్సు పక్కన ఇంకో సిలిండర్, రెంటికీ నడుమ సన్నటి గొట్టం. పైనుంచి తొక్కితే నూనె గొట్టంలో పరుగెత్తి కింద క్లచ్‌ను తోస్తుంది. ఆ నూనెకు బానెట్ కింద అరచేతిలో పట్టేంత డబ్బీ. అందులో పోసేది బ్రేక్ ఆయిల్, ఇంకేదీ పొయ్యకూడదు. ఆయన మహబూబ్‌నగర్ వర్క్‌షాపులో రెండు రోజులు ఊరికే కూర్చుని చూసి ఇదంతా నేర్చుకుని వచ్చాడు. నాకు డ్రైవింగ్ కూడా ఆయనే నేర్పాడు. "దవాఖాన బండి ఒక్కని చేతిల ఉండొద్దమ్మా. నాకు జరమొస్తే గర్భిణీ ఆగుతదా?" అన్నాడు. డ్రైవింగ్ నేర్పాడు గానీ, డబ్బీ గురించి చెప్తుంటే నేను సరిగ్గా వినలేదు.

అన్న కూతురి పెండ్లికని ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. పెండ్లికి పోతూ కూడా బండి కింద చూసి, "జర చుక్క పడుతాంది. నేనొచ్చి చూస్త. అందాక మీరు తియ్యకుంటే మంచిది" అన్నాడు. వద్దంటే చేయాలనిపించే వయసు నాది. రెండో రోజే టీకాల కోసం రెండు పల్లెలకు నేనే తోలుకుపోయాను. మట్టి రోడ్డు మీద, పొలాల్లో ఆముదం చెట్ల మధ్య నుంచి ఆడమనిషి బండి తోలుకుపోతుంటే కలుపు తీసేవాళ్లు నడుము పట్టుకుని లేచి చూశారు. ఆ చూపులకు నా తల కొంచెం తిరిగిందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

తిరుగు దారిలో క్లచ్ మెత్తబడింది. తొక్కితే పత్తి మూట మీద కాలు వేసినట్టుంది. బానెట్ ఎత్తి చూస్తే డబ్బీ సగానికి దిగింది. బండిలో ఇంజన్ ఆయిల్ డబ్బా ఉంది. మా అవ్వ ఇంట్లో దీపానికి ఏ నూనె ఉంటే ఆ నూనె పోసేది. నూనె నూనే కదా అనుకుని డబ్బీ నింపేశాను. బండి కదిలింది. నా తెలివికి నేనే మెచ్చుకుని ఇంకో రోజంతా తిరిగాను.

డ్రైవర్ సాబ్ పెండ్లి నుంచి వచ్చిన నాడు పెడల్ నేలకు అంటుకుపోయి మళ్లీ లేవలేదు. బండి దొడ్డిలో కూలబడింది. అది సోమవారం. గురువారం జిల్లా నుంచి పెద్ద సాబ్ బండిని, లాగ్‌బుక్కును తనిఖీ చేయడానికి వస్తున్నారు. డ్రైవర్ సాబ్ పర్మనెంట్ కాగితం ఆయన సంతకం మీదే ఆధారపడి ఉంది. అంతకు ముందు ఈ బండి మీద ఉన్న డ్రైవర్ ఇలాగే బండిని వారం రోజులు నిలబెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇదంతా నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. పొద్దున చెప్దామనుకున్నాను, మధ్యాహ్నం చెప్దామనుకున్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి, ఇంటికాడనే చూద్దాం" అన్నాడాయన. బండి కింద గొంగడి పరిచాడు. సిలిండర్లనూ గొట్టాన్నీ పాత ధోవతి గుడ్డతో పొడిగా తుడిచాడు. ఇంట్లోకి చూసి, "ముగ్గు గిన్నె పట్కరా" అని భార్యను పిలిచాడు. ఆమె వచ్చి, "బండికి ముగ్గేస్తవా, పెండ్లి చేస్తవా దానికి?" అన్నది. ఆయన ముగ్గుపిండి తీసుకుని గొట్టం పొడవునా, సిలిండర్ల చుట్టూ, పెడల్ దగ్గరా సన్నగా చల్లాడు. నన్ను సీటు మీద కూర్చోబెట్టి పెడల్ చేత్తో లేపి తొక్కమన్నాడు. పది సార్లు తొక్కాను. కింద తెల్లటి పిండి మీద తడి ఎక్కడ పుట్టిందో అక్కడ నల్లటి గీత పడింది.

"చుక్క నేల మీద పడ్డకాడ జూసి మోసపోతం. పుట్టినకాడ జూడాలె" అన్నాడు. తర్వాత చాలా ఏళ్లకు, కాళ్లు వాచాయని వచ్చిన ఒకావిడకు కాళ్లకు మందు రాయబోయి ఆగి, చెయ్యి పట్టుకుని గుండె చూశాను. జబ్బు అక్కడుంది. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తడి ఒక్కచోట లేదు. పైన పెడల్ దగ్గరా ఉంది, కింద సిలిండర్ దగ్గరా ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. "కిందిది పాత గాయం, నేను పొయ్యేటప్పుడే ఉండె. పైది గిప్పుడైంది. నాలుగు దినాలల్ల రెండూ గింతగనం పాడైనయంటే ఇది అరుగుడు గాదు" అన్నాడు. సిలిండర్లు విప్పాడు. లోపలి రబ్బరు వాషర్లు నానబోసిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. ఇంజన్ ఆయిల్ రబ్బరుకు విషమని, రబ్బరును ఉబ్బించి చంపేస్తుందని ఉస్తాద్ ఆయనకు ఏనాడో చెప్పాడట. వాసన చూసి తలెత్తి ఒక్కసారి నా మొహం చూశాడు.

అప్పుడే మా కంపౌండర్ దొడ్డిలోకి వచ్చాడు. "ఏమాయె?" అని అడిగాడు.

"ఏమైతది, నేనే తప్పు నూనె పోసిన. పెండ్లికి పొయ్యే తొందరల సూస్కోలె" అన్నాడు డ్రైవర్ సాబ్, వాషర్‌ను జేబులో వేసుకుంటూ.

ఆయన భార్య నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఇరవై ఏండ్ల సంది బండ్లు తోలుతున్నవు, నూనె తెల్వదా నీకు?" అని అందుకుంది. ఆయన తల దించుకుని తిట్లు తిన్నాడు. నేను ఆ సీటు మీదే కూర్చుని ఉన్నాను. ఒక్క మాట చాలు, ఆ తిట్లు నా వైపు తిరిగేవి. ఆ మాట రాలేదు.

కొత్త వాషర్లు మంగళవారం సాయంత్రానికి మహబూబ్‌నగర్ నుంచి బస్సు డ్రైవర్ చేత వచ్చాయి. బ్రేక్ ఆయిల్ రాలేదు. దుకాణంలో అయిపోయిందట, వారం పడుతుందట. డ్రైవర్ సాబ్ గొంగడి మీద కూర్చుని కాసేపు గడ్డం గీక్కున్నాడు. రెండో ప్రపంచ లడాయి రోజుల్లో బ్రేక్ ఆయిల్ దొరక్కపోతే ఉస్తాద్‌వాళ్లు ఆముదంలో స్పిరిట్ కలిపి పోసేవాళ్లట. ఆముదం రబ్బరును ముట్టుకోదట. "ఆముదం మా ఇంట్ల ఉన్నది. స్పిరిట్ మీ తాన ఉన్నది" అన్నాడు.

ఆ ఇంట్లో ఆముదం ఎప్పుడూ ఉండేది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైన తేలిన నూనెను గంటెతో తీసి ఆమె సీసాలకు ఎత్తేది. డ్రైవర్ సాబ్ ఆ నూనెను మళ్లీ కాయమన్నాడు. ఒక చుక్క నిప్పుల మీద వేసి, చిటపటమంటే నీళ్లున్నాయని ఇంకా కాయించాడు. చప్పుడు లేకుండా మండే దాకా మూడు సార్లు వేసి చూశాడు. చల్లారాక నేను దవాఖాన గాజుగుడ్డలో నాలుగు మడతలు వేసి వడగట్టాను. స్పిరిట్‌ను కొలత గ్లాసుతో సరిసమానంగా కలిపాను. పెద్ద డాక్టర్ని కదా, కనీసం కొలత తప్పకూడదని గ్లాసు మీది గీతను రెండు సార్లు చూసుకున్నాను.

కంపౌండర్ సాయం చేద్దామని సిలిండర్ కడగడానికి కిరసనాయిలు తెచ్చాడు. డ్రైవర్ సాబ్ గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. "దూరం పెట్టు దాన్ని! అది గూడ గా ఇంజన్ ఆయిల్ జాతిదే" అన్నాడు. గొట్టం, సిలిండర్లు, డబ్బీ అన్నీ స్పిరిట్‌తోనే కడిగాం. దవాఖాన నెల కోటా స్పిరిట్ ఆ రోజుతో అయిపోయింది.

చివరికి గొట్టంలోని గాలి తీయాలి. గాలి ఉంటే పెడల్ మెత్తగానే ఉంటుంది. కింది సిలిండర్‌కు ఉన్న చిన్న మర బోల్టుకు దవాఖాన రబ్బరు ట్యూబు తొడిగి, ట్యూబు రెండో కొసను కొంచెం ఆముదం పోసిన సెలైన్ సీసాలో ముంచాడు. నేను సీటు మీద. ఆయన భార్య బానెట్ దగ్గర చెంబుతో, డబ్బీ నూనె తగ్గకుండా పోస్తూ. ఆయన బండి కింద.

"తొక్కుండ్రి." మర విప్పేవాడు. సీసాలో బుడగలు గుడగుడలాడేవి. "పట్టుండ్రి." మర బిగించేవాడు. "ఇడువుండ్రి."

ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. నా ఎడమ కాలు వణకడం మొదలుపెట్టింది. మధ్యలో ఆమె, "నడుమ నేను చెయ్యి ఆపితే ఏమైతది?" అని అడిగింది. "మళ్ల మొదటికెల్లి" అన్న జవాబు బండి కింద నుంచి వచ్చింది. ఆమె చెంబు ఇంకో చేతికి మార్చుకుంది గానీ కదలలేదు. మెల్లగా బుడగలు చిన్నవయ్యాయి, అరుదయ్యాయి, ఆగిపోయాయి. ఉన్నట్టుండి పెడల్ నా కాలిని పైకి తోసింది. నేల మీద నిలబడ్డంత గట్టిగా ఉంది. ఆయన బండి కింద నుంచి బయటికి వచ్చాడు. మొహమంతా ముగ్గు, దాని మీద ఆముదం. ఆయన భార్య చూసి పడీ పడీ నవ్వింది. మర్నాడు పొద్దున ఆయన వంగి నేల చూశాడు. చుక్క లేదు.

గురువారం పెద్ద సాబ్ వచ్చారు. బండి తోలి చూశారు, బాగుందన్నారు. నా గదిలో కూర్చుని లాగ్‌బుక్కు తెరిచారు. డ్రైవర్ సాబ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కంపౌండర్ అవతల గదిలో మందులు కడుతున్నాడు. సాబ్ ఒక పేజీ దగ్గర ఆగి చదివారు: "డ్రైవర్ పొరపాటున వేరే నూనె పోసినందున బండి మూడు రోజులు నిలిచినది." కింద ఉర్దూ అక్షరాల్లో డ్రైవర్ సాబ్ సంతకం. ఆయనకు వచ్చిన రాత అదొక్కటే. కంపౌండర్ చేత రాయించి, పుస్తకం నా దాకా రాకముందే చేవ్రాలు చేసేశాడు.

"ఏ నూనె ఎక్కడ పొయ్యాల్నో తెల్వనోన్ని పర్మనెంట్ చెయ్యాల్నా?" అన్నారు సాబ్.

"పోసింది నేను" అన్నాను. మూడు రోజులుగా దాచిన మాట అప్పుడు దానంతటదే వచ్చింది. "ఆయన సెలవుల ఉన్నడు. బండి తియ్యొద్దని చెప్పి పోయిండు. నేనే తీసిన, నేనే ఇంజన్ ఆయిల్ పోసిన. రాసిమ్మంటే రాసిస్తా."

సాబ్ కళ్లజోడు తీసి నన్ను చూశారు, గుమ్మం వైపు చూశారు. ఆ వాక్యం కొట్టేసి నా చేత రాయించారు. నాకు మెమో వచ్చింది. వానలు పడ్డాక డ్రైవర్ సాబ్ పర్మనెంట్ కాగితం వచ్చింది.

ఆయన నాకు దండం పెడతాడనుకున్నానేమో తెలియదు. మర్నాడు బండిలో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన నన్ను తిట్టాడు. తిట్టు అంటే ఆయన పద్ధతిలో. "ఎందుకు చెప్పిండ్రమ్మా? నాకు లారీ ఉండె, గొర్లుండె. ఎట్లనన్న బతుకుదును" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు: "సాబ్‌కు చెప్పిండ్రు, అయిపాయె. ఊర్లె మాత్రం చెప్పకుండ్రి. డాక్టరమ్మకు ఏ నూనె ఏందో తెల్వదంటే, రేపు మందు ఎట్ల తాగుతరు ఆడోళ్లు?"

నాకు అప్పుడు గానీ అర్థం కాలేదు, ఆ దొడ్డిలో ఆయన తన మీద ఎందుకు వేసుకున్నాడో. నా ఉద్యోగం కోసం కాదు, నా మీద జాలితోనూ కాదు. మందు గడప అవతల పారబోసిన ఆడవాళ్లు మళ్లీ ఆ పని చేయకూడదని. నేను మాటిచ్చాను. ఆ ఊళ్లో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఎన్ని కాన్పులు చేశానో, ఎందరు పిల్లలకు టీకాలు వేశానో. ఆ తొమ్మిదేళ్లూ ఊరంతా ఆయన్ను ఆటపట్టించింది. పెండ్లిళ్లలో, పంక్తిలో నూనె వడ్డిస్తుంటే, "జర సూసి పొయ్యి, మనోనికి నూనె తెల్వది" అనేవాళ్లు. ఆయన నవ్వి విస్తరి ముందుకు జరిపేవాడు. నేను అదే పంక్తిలో కూర్చుని తిన్నాను. రుణమంటే ఏమిటో ఆ అన్నం ముద్దలతో తెలిసింది నాకు.

మొన్న దినాల నాడు వెళ్లాను. మోకాళ్లు సహకరించవు, అయినా వెళ్లాను. దొడ్డిలో గొర్లు లేవు. వ్యాన్ ఉండే చోట తులసిగద్దె కట్టారు. గోడకు ఆయన ఫొటో, దాని ముందు ఇత్తడి దీపం. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వచ్చినవాళ్లకు ఆయన కథలు చెప్తూ చెప్తూ ఆ కథకు వచ్చింది. "ఇరవై ఏండ్లు బండ్లు తోలినోడు ఇంజన్ నూనె పోసి దవాఖాన బండిని పండబెట్టిండు. అసలు నూనె వచ్చెదాక నా ఆముదమే కాపాడింది" అన్నది. అందరూ ఏడుస్తూనే నవ్వారు.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అందరూ భోజనాలకు లేచాక, "అక్కా, ఆ నూనె పోసింది నేను" అన్నాను. నలభై ఏళ్ల తర్వాత, మాట తప్పి.

ఆమె నా వైపు తిరగలేదు. ఫొటోనే చూస్తోంది. "నాకు తెల్వదా డాక్టరమ్మా? గాయిన చెయ్యి తప్పు నూనె పోస్తదా? ఎన్నోసార్లు అడిగిన. సచ్చేదాక నేనే పోసిన అన్నడు. ఆయిన మాట నిలబడాల్నని, నేను గూడ నలుగురిల గట్లనే చెప్పిన" అన్నది.

దీపంలో నూనె అడుగంటుతోంది. ఆమె లేవబోయి, ఆగి, గూట్లో ఉన్న ఆముదం సీసా నా చేతికి ఇచ్చింది.

"మీరే పొయ్యుండ్రి. గిది సరైన నూనెనే" అన్నది.

నేను రెండు చేతులతో సీసా వంచాను. ఆమె ఒత్తి ఎగదోసింది.